కృష్ణ ఒడ్డు పండుగలు – మన సంఘములు

తుళ్లూరు చుట్టుపక్కల గ్రామాలలో ఏడాది ఎలా గడిచిందని పెద్దలను అడిగితే నెలల పేర్లు చెప్పరు, పండుగల పేర్లు చెబుతారు. ఏరువాకకు అరక కట్టాము, దసరాకు పైరు చేతికందే ఎత్తుకు వచ్చింది, క్రిస్మస్‌కు పత్తి తీతలో ఉన్నాము, సంక్రాంతికి మిరప మొదటి కోత పడింది, ఈస్టరు నాటికి కల్లాలు ఖాళీ అయినవి అంటారు. ఈ వరుసలో ఏది హిందువుల పండుగ, ఏది క్రైస్తవుల పండుగ అని విడదీసి చెప్పే అలవాటు వారికి లేదు. పొలం పని అందరికీ ఒకటే గనుక లెక్క కూడా ఒకటే.

ఈ శతవార్షికోత్సవ సంచికలో సంఘముల స్థాపన గూర్చి, మిషనెరీల గూర్చి, మన పాఠశాలల గూర్చి రాసే పెద్దలు వేరే ఉన్నారు. మేము పండుగల గూర్చి రాయదలచాము. ఏలయన మన తాత ముత్తాతలు క్రీస్తు ప్రభువును అంగీకరించినప్పుడు ఊరితో వచ్చిన మొదటి పేచీ సిద్ధాంతం మీద కాదు, పండుగ మీద.

ముందుగా నది సంగతి. తుళ్లూరుకు పడమరగా కొద్ది మైళ్ల దూరంలో ఉన్న అమరావతిలో క్రీస్తుకు పూర్వమే బౌద్ధుల మహాచైత్యం వెలిసింది. 1797లో కర్నల్ మెకంజీ దానిని చూచి లోకానికి తెలియజేశాడు. ఆ శిల్పాలు నేడు కొన్ని మద్రాసు మ్యూజియంలోను, కొన్ని లండనులోను ఉన్నవి. చైత్యానికి దానాలిచ్చినవారి పేర్లు రాళ్ల మీద చెక్కి ఉన్నవి. వాటిలో రాజుల పేర్లకంటె మామూలు జనం పేర్లే మమ్ములను ఎక్కువగా ఆకర్షించినవి. ఒక ఫలకం మీద విధికుడనే చర్మకారుని పేరు ఉన్నది. తోలు పని చేసుకొని బ్రతికే మనిషి తన కుటుంబంతో కలసి వచ్చి, పూర్ణకుంభం చెక్కిన రాతిని అక్కడ సమర్పించాడు. సుమారు రెండువేల ఏండ్ల క్రిందట కృష్ణ ఒడ్డున అతనికి పేరుతో సహా చోటు దొరికింది. తరువాతి శతాబ్దాలలో అదే పని చేసేవారికి ఆ చోటు ఎలా పోయిందో చెప్పాలంటే పెద్ద గ్రంథం కావలసి వస్తుంది.

అదే అమరావతిలో అమరేశ్వరుని ఆలయం ఉన్నది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుండి తన రాజధానిని అక్కడికి మార్చుకొన్నాడు. మహాశివరాత్రికి ఈనాటికీ జనం వేలాదిగా వచ్చి నదిలో మునిగి స్వామిని చూచుకొంటారు. 2006 జనవరిలో దలైలామా గారు వచ్చి కాలచక్ర పూజ జరిపినప్పుడు టిబెట్టు వారితో ఆ వీధులు నిండిపోయినవి. మన పక్కనున్న వైకుంఠపురం వద్ద నది ఉత్తరంగా తిరుగుతుందని, అక్కడి స్నానానికి విశేష ఫలమని హిందూ సోదరులు నమ్ముతారు. కార్తీకంలో స్త్రీలు అరటి దొప్పలలో దీపాలు వెలిగించి నీటి మీద వదలుతారు. చీకటిపడ్డాక గట్టు మీద నుండి చూస్తే అది చూడముచ్చటైన దృశ్యమే. అందులో దాచవలసినది మాకేమీ కనిపించదు.

అన్నిటికంటె పెద్దది పుష్కరం. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరాలు వస్తాయి. పన్నెండేండ్లకు ఒకసారి, పన్నెండు రోజులు. 1980, 1992, 2004, 2016 సంవత్సరాలలో జరిగినవి. పితరులకు పిండప్రదానం చేయటం అందులో ముఖ్యం. అందుచేత పుష్కరమంటే ఒక విధంగా చనిపోయినవారిని తలచుకొనే పండుగ కూడా. మనం నవంబరులో సమాధులకు సున్నం వేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగించే రోజున పొరుగువారు మనలను విచిత్రంగా చూడకపోవటానికి అది ఒక కారణమేమో.

నది మాత్రం పంచాంగాన్ని అనుసరించటం మానివేసి చాలాకాలమైంది. బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట కట్టారు. అది 1952లో తెగింది. 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలారు. బ్యారేజీకి పైనున్న మన రేవులలో నీరు చెరువువలె నిలిచి ఉంటుంది. ఎప్పుడు పారాలో ఇంజనీర్లు నిర్ణయిస్తారు. 2016 ఆగస్టులో పుష్కరాలకు కృష్ణలో నీరు చాలక, పట్టిసీమ నుండి కాలువ ద్వారా వచ్చిన గోదావరి నీటి మీద ఆధారపడవలసి వచ్చింది. మనకు ఎదుటి గట్టున ఇబ్రహీంపట్నం వద్ద ఆ రెండు నీళ్లు కలిసేచోట పవిత్ర సంగమం అని పేరు పెట్టి పెద్ద ఘాట్లు కట్టారు. కృష్ణ పుష్కరంలో గోదావరి స్నానం అని కొందరు హాస్యమాడారు. మళ్లీ 2024 సెప్టెంబరులో అదే బ్యారేజీ వద్ద 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, లంకలను ముంచి, నదికి ఇంకా తన ఇష్టం ఉన్నదని చూపించింది.

ఇప్పుడు మనవారి సంగతికి వద్దాము. నది అందరిదీ అంటారు గాని రేవులు అందరివీ కావు. చాకిరేవు వేరు, ఊరివారి రేవు వేరు, పల్లెవారు దిగేచోటు వేరు. పల్లె అంటే మన ప్రాంతంలో ఏ అర్థమో చదువరులకు చెప్పనక్కరలేదు. పండుగనాడు ఈ హద్దు ఇంకా గట్టిపడేది. ఇది తాతలనాటి మాట అని తీసివేయటానికి వీలులేదు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన ఘోరం మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైనదే. పల్లెవారు తాగే నీటిలో పశువుల కుడితి కలుపుతుంటే వద్దన్న పాపానికి ఆరుగురు ప్రాణాలు పోయినవి. మిగిలినవారు చీరాల వెళ్లి తలదాచుకొన్నారు.

పండుగలో మన పెద్దలకు చోటు లేదని ఎవరైనా అంటే అది సరికాదు. చోటు ఉండేది. ఆ చోటు ఏమిటన్నదే ప్రశ్న. ఏరువాక పున్నమికి ఎడ్లను కడిగి కొమ్ములకు రంగులు పూసి, అరకకు పూజచేసి మొదటి చాలు వేస్తారు. ఆ అరకకు తోలు పట్టెడలు, వారులు చేసి ఇచ్చేది మాదిగలు. పోలేరమ్మ కొలుపుకు డప్పు లేనిదే అమ్మవారు కదలదు. డప్పు కొట్టేది వారే, దున్నపోతును నరికేవేళ ముందుండవలసినది వారే, ఆ మాంసం పంచుకొనేది వారే. ఊరి చాటింపు, పొలిమేరలో పొలి చల్లటం వంటి పనులు పల్లెలో ఒక్కొక్కరికి వంతుగా ఉండేవి. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు 1916లో దక్షిణ దేశపు గ్రామదేవతల మీద వెలువరించిన పుస్తకంలో తెలుగుదేశపు కొలుపులను వివరంగా రాశారు. ఆ జాతర పనులలో చాలా భాగం మాల మాదిగల చేతుల మీదుగా జరిగేవే. అంటే పండుగకు వారు అవసరం, కాని పండుగ వారిది కాదు. కొలుపు అయిన తరువాత ధాన్యం కొలిచి ఇచ్చేవారు. అది కూలి. మానివేసే స్వేచ్ఛ లేని కూలి.

1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు చేరుకొన్నారు. అంతకు ముందు సంవత్సరమే చర్చి మిషనరీ సొసైటీ వారు మచిలీపట్నంలో పని మొదలుపెట్టారు. ఎన్నో ఏండ్ల వరకు పల్లెలలో కదలిక లేదు. కృష్ణకు ఆవలి సీమలో మొదటి కదలిక వచ్చింది ఒక నదీ తీర్థం నుండే కావటం మాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. రాఘవపురం మాలవాడైన పగోలు వెంకయ్య గారు విగ్రహాల మీద నమ్మకం పోగొట్టుకొని, పేరు తెలియని దేవునికి ఏండ్ల తరబడి ప్రార్థన చేసుకొంటూ ఉన్నారు. బెజవాడలో కృష్ణాస్నానాల తిరునాళ్లకు వచ్చినప్పుడు అక్కడి బ్రాహ్మణుడొకరు డార్లింగ్ దొరగారి వద్దకు పొమ్మని దారి చూపినట్లు మిషను చరిత్రలలో ఉన్నది. 1859లో ఆయన బాప్తిస్మం పొందారు. ఆ ప్రాంతపు మాలపల్లెలలో సువార్త వ్యాపించటానికి అదే నాంది. దారి చూపిన ఆ బ్రాహ్మణుని పేరు ఎవరూ రాసిపెట్టలేదు. మన సంఘ చరిత్రలో ఆయనకు ఒక పంక్తి అయినా ఉండాలని మా అభిప్రాయం. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణంలో మొదట వెదకినది కూడా నదీతీరాన ప్రార్థన జరిగే చోటునే గదా. లూదియ అక్కడే దొరికింది.

దక్షిణాన ఒంగోలు సీమలో మాదిగల మధ్య పనిచేసిన జాన్ క్లౌ గారు 1866లో అక్కడికి వచ్చారు. ఎర్రగుంట్ల పేరయ్య గారి వంటి తెలుగు బోధకులు లేకపోతే ఆయన పని సాగేది కాదు. విశ్వాసులకు క్లౌ గారు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి చిన్న మాటలవలె ఉన్నవి. గ్రామంలో మాత్రం మూడూ నేరుగా పండుగను తాకినవి. పూజించరాదంటే కొలుపుకు డప్పు కొట్టరాదు. ఆదివారం పని లేదంటే కోతల కాలంలో రైతుకు మనిషి దొరకడు. చచ్చిన గొడ్డు తినరాదంటే దానిని లాగివేసే వెట్టికి ఎవరు వస్తారు? కరణము, మునసబు కోపించారు. బావుల వద్దకు రానివ్వలేదు, ధాన్యం ఆపివేశారు, కొట్టించారు. డప్పు కొట్టం అన్న ఒక్క మాటకు మన పెద్దలు చెల్లించిన ధర అది. ఆ కాలపు పాదిరులు దీనిని విగ్రహారాధన మీద విజయంగా రాసుకొన్నారు. అది నిజమే. వెట్టి మీద విజయం కూడా అని మేము అంటాము. పల్లెలో ఈ రెంటికీ తేడా తెలిసినవారు తక్కువ.

1876 నుండి 1878 వరకు పెద్ద కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకుండా పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. చివరకు 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెలుంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీటిలో ఉంటే తక్కినవారు గట్టు మీద విశ్రమించేవారు. నది అంచున నిలబడి తమ వంతు కోసం చూచే అలవాటున్న జనం, ఆ రోజు నది నడుమకు దిగారు. బాప్తిస్మపు పద్ధతి విషయంలో బాప్టిస్టు సోదరులతో మనకు భేదమున్నా, ఆ దృశ్యం ముందు వాదం చేయటానికి మాకు మనసొప్పదు.

అయితే పండుగలు లేకుండా సేద్యగాండ్ర సంఘం నిలువదు. ఇది బాగా గుర్తించినవారు బిషప్ అజరయ్య గారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా దోర్నకల్లుకు వచ్చిన ఆయన, పాత జాతరలు మానుకొన్నవారికి ఖాళీ చేతులు మిగల్చరాదని తలచారు. తెలుగు కీర్తనలు, భజనలు, కోలాటాలు, క్రైస్తవ జాతరలు, కోత పండుగలు ప్రోత్సహించారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయాన్ని మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలిసేటట్లు కట్టించారు. అంతకు ముందే రోమన్ కతోలిక సోదరులు 1924లో బెజవాడ గుణదల కొండ మీద మరియమ్మ స్వరూపం నిలిపారు. ఫిబ్రవరిలో జరిగే ఆ తిరునాళ్లకు మన తుళ్లూరు వైపు నుండి హిందువులు కూడా మొక్కుబళ్లతో వెళతారు.

మన సంఘాలలో కోత పండుగను ఎలా చేసేవారో ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాము. రానున్న తరానికి ఇది తెలియకపోవచ్చునని మా భయం. మిరప, పత్తి చేతికి వచ్చే రోజులలో, గురువుగారు ముందే ప్రకటించిన ఆదివారానికి గుడి గుమ్మానికి జొన్న కంకులు, అరటి బోదెలు కట్టేవారు. బలిపీఠం ముందు చాప పరచేవారు. భూమి ఉన్న కొద్దిమంది ధాన్యపు బస్తా తెచ్చేవారు. భూమి లేనివారు, అంటే ఎక్కువమంది, కూలికి వచ్చిన మిరపకాయలు చేటలో పోసుకొని వచ్చేవారు. పత్తి తీతకు వెళ్లే స్త్రీలు కొంగులో దాచుకొన్న పత్తి ఉండలు పెట్టేవారు. లంక పొలాల దోసకాయలు, గుమ్మడికాయలు, కోడిగుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు. ఎండు మిరప ఘాటుకు ప్రసంగం మధ్యలో గురువుగారితో సహా అందరూ తుమ్మేవారు. ఆరాధన అయిన తరువాత వేలంపాట. ఒక కోడిపుంజు నలుగురి చేతులు మారి, నాలుగుసార్లు తిరిగి గుడికే వచ్చి, నాలుగుసార్లు డబ్బు తెచ్చేది. ఊరి రైతులు కూడా వచ్చి పాట పాడేవారు. పండుగలో కూలివాడు తెచ్చిన చేటను రైతు పోటీపడి కొనే చోటు మాకు తెలిసినంతలో అదొక్కటే.

మోషే ధర్మశాస్త్రంలో ప్రథమ ఫలాల గంప తెచ్చినవాడు ఊరకే గంప పెట్టి వెళ్లకూడదు. తన పితరుడు తిరుగాడుతూ వచ్చిన దిక్కులేని వాడని, ఐగుప్తులో వెట్టి చేశారని, దేవుడు విడిపించాడని నోటితో చెప్పాలి. తరువాత ఆ ఊరిలోని పరదేశితో కలసి సంతోషించాలి. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం చదివిన ప్రతిసారీ, మన కోత పండుగలో చేట ఉన్నది గాని ఆ చెప్పటం లేదే అని అనిపిస్తుంది. ఫలానా తాత డప్పు కొట్టనన్నందుకు ఏమి పోగొట్టుకొన్నాడో గుడిలో ఎవరూ చెప్పరు. కొంత సిగ్గు, కొంత మరపు.

డప్పు విషయం కూడా చెప్పి తీరాలి. వెట్టికి గుర్తు గనుక మన పెద్దలు దానిని గుడిలోకి రానివ్వలేదు. డోలక్కు, తాళాలు, హార్మనీ వచ్చినవి. 1980ల నుండి దళిత వేదాంతం మన కళాశాలలలో బోధనాంశమైన తరువాత కొందరు యువగురువులు డప్పును తిరిగి తెచ్చారు. వేదాంత కళాశాలలో మేమూ దానిని ఉత్సాహంగా సమర్థించినవారమే. అయితే పల్లెలో ఆ మాట చెప్పినప్పుడు ముసలివారి ముఖాలు ఎలా మారినవో చూచాక, వారి అనుమతి లేకుండా తేవటం తగదని మా నిర్ణయం. వదిలిపెట్టినవారికే తిరిగి తెచ్చుకొనే హక్కు.

ఇంతలో పొలమే పోయింది. 2014 చివర నుండి రాజధాని కోసం భూ సమీకరణ జరిగి 29 గ్రామాల పరిధిలో సుమారు 33 వేల ఎకరాలు ఇచ్చారు. నది పక్కన మూడు పంటలు పండే జరీబు భూములు, లోపలి మెట్ట నల్లరేగడి, అన్నీ అందులో ఉన్నవి. 2015 అక్టోబరు 22న, విజయదశమినాడు, ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. ఊరూరి నుండి మట్టి, నీరు తెచ్చి అక్కడ కలిపారు. అదీ ఒక పండుగే. భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. కూలి పోయిన చోట అది ఎంతవరకు సరిపోయిందో మన సంఘస్థులకు తెలుసు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ పొలాలలో కంప పెరిగింది. 2021 నవంబరు 1న తుళ్లూరు నుండి రైతులు తిరుమలకు పాదయాత్రగా కదిలారు. స్త్రీలు ఎక్కువగా నడిచారు. మళ్లీ 2025 మే 2న పనులు పునఃప్రారంభమైనవి.

ఈ రాజకీయాల మంచి చెడ్డలు ఈ సంచికకు తగినవి కావు. కోత పండుగ సంగతే మాది. చేటలో మిరప రాకుండా పోయింది. ఆ ఆదివారానికి విజయవాడ నుండి కొన్న పండ్లు, ప్లాస్టికు సంచులలో బియ్యం, కవరులో డబ్బు. వేలంపాట నిలిచిపోయిన సంఘాలున్నవి. రైతుకు ప్లాటు వచ్చింది గనుక అతని సంక్రాంతి ఏదో రూపంలో సాగుతుంది. కూలివాని పండుగకు ఆధారం అతని కూలి పని. అది పోతే పండుగ కేవలం తారీఖు అవుతుంది. ఇప్పుడు మన యువకులు కట్టడపు పనులకు, కాపలా ఉద్యోగాలకు పోతున్నారు. ఇటుక, తాపీ, హెల్మెట్టు బలిపీఠం ముందు పెడితే తప్పేమిటని ఒక సంఘపెద్ద అడిగారు. తప్పు లేదు. పెట్టి చూడమనే మా సలహా.

2028లో మళ్లీ పుష్కరాలు వస్తాయి. ఘాట్లు ఈసారి ఇంకా పెద్దవిగా కడతారు, మన యువకులే కూలికి కడతారు. అప్పుడు వచ్చే ప్రశ్న ఇప్పుడే వస్తున్నది. స్నేహితులతో వెళ్లి నీళ్లలో దిగవచ్చునా, అక్కడ పని చేయవచ్చునా అని. యువజన సమాజం వారికి రాజుల రెండవ గ్రంథంలో నయమాను కథ చదివి రమ్మన్నాము. యొర్దానులో స్వస్థత పొందిన నయమాను తన రాజుతో రిమ్మోను గుడికి వెళ్లి వంగవలసి వస్తుందని చెప్పుకొంటే, ఎలీషా ప్రవక్త కోపించక సమాధానంతో పొమ్మన్నాడు.

చదివి వచ్చిన వారిలో ఒక అబ్బాయి, "అయ్యగారూ, రాజు ఆయన చేయి ఆనుకొని వంగితే ఈయనా వంగాలి, అది ఆయన ఉద్యోగం గదండీ, కూలి పని లాంటిదే గదండీ" అన్నాడు. అవునన్నాము. వెనుక కూర్చొన్న పెద్దాయన ఒకరు గొంతు సవరించుకొని, "మా తాత ఆ కూలి వద్దనే గదరా దెబ్బలు తిన్నది" అన్నారు. ఆ సాయంకాలం చర్చ రాత్రి తొమ్మిదింటి వరకు సాగింది. తేలలేదు. వచ్చే నెల మళ్లీ కూర్చొంటున్నాము.